రాత్రి ఊరికే రోడ్డు మీద నిలబడితే కేసు పెట్టొచ్చా? ఏ సెక్షన్ కింద?

కాలనీ_కబుర్లు
మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ తిరుగుతోంది. "రాత్రి 10.30 తర్వాత కారణం లేకుండా రోడ్ల మీద తిరిగినా, గుంపుగా నిలబడినా కేసు నమోదు చేయబడును" అట. కింద లాఠీ బొమ్మ. ఏ చట్టమో, ఏ సెక్షనో లేదు. కూకట్‌పల్లి వైపు హాస్టళ్లలో సగం మంది రెండో షిఫ్టు వాళ్లే. పదకొండింటికి క్యాబ్ దిగి, టీ తాగి రూముకు పోతారు. ఇది నిజంగా నేరమా? లాయర్లు, డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎవరైనా ఉంటే నంబర్లతో చెప్పండి. "పోలీసోళ్లతో మనకెందుకు" అనే సలహా మాత్రం వద్దు, అది మా నాన్న దగ్గర కావలసినంత స్టాకుంది.

పాన్‌డబ్బా_పార్లమెంట్
పోలీసోళ్లతో మనకెందుకు బ్రో.

నల్లకోటు_నాగోల్
ఊరికే నిలబడటం అనే నేరం భారతీయ న్యాయ సంహితలో (బీఎన్‌ఎస్) లేదు. పాత ఐపీసీలోనూ లేదు. దేశమంతా స్వేచ్ఛగా తిరిగే హక్కు రాజ్యాంగం 19(1)(డి)లో ఉంది. దానికి హద్దు పెట్టాలంటే 19(5) ప్రకారం చట్టం ఉండాలి, పోస్టర్ చాలదు.

అలాగని కేసు కాదని గుండె మీద చెయ్యేసుకుని పడుకోకండి. స్టేషన్‌లో వాడేవి వేరే సెక్షన్లు. మొదటిది బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అరెస్టు, విచారణ పద్ధతుల చట్టం) 170, అంటే పాత సీఆర్పీసీ 151. ఎవరైనా కాగ్నిజబుల్ నేరం (వారంటు లేకుండా అరెస్టు చెయ్యగలిగేది) చెయ్యబోతున్నాడని పోలీసుకు తెలిసి, అరెస్టు తప్ప దాన్ని ఆపే దారి లేదనిపిస్తే పట్టుకోవచ్చు, 24 గంటలు దాటి ఉంచకూడదు. ఇక్కడ రెండు షరతులూ కలిసి ఉండాలి. "అనుమానంగా కనిపించాడు" అన్నంత మాత్రాన 170 పట్టదు.

రెండోది 128, పాత 109. మనిషి తన ఉనికి దాచుకునే జాగ్రత్తలు తీసుకుంటున్నాడు, అదీ నేరం చేసే ఉద్దేశంతోనే అని నమ్మడానికి ఆధారం ఉంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ మంచి నడవడికి బాండు అడగొచ్చు, గరిష్ఠంగా ఏడాదికి. వీధి దీపం కింద టీ గ్లాసు పట్టుకుని నవ్వుతున్నవాడు ఉనికి ఎలా దాచుకున్నట్టో ఫైలు రాసేవాళ్లే చెప్పాలి.

ఇవి కాక చిన్న కేసులు. పబ్లిక్ న్యూసెన్స్ అయితే బీఎన్‌ఎస్ 292, 1000 రూపాయల దాకా జరిమానా. తాగి నలుగురిలో రచ్చ చేస్తే 355, 24 గంటల దాకా సాధారణ జైలో, 1000 దాకా జరిమానానో, రెండూనో, లేదంటే సమాజ సేవ. హైదరాబాద్‌లో అయితే 1348 ఫస్లీ (నిజాం కాలపు సంవత్సరాల లెక్క) నాటి సిటీ పోలీస్ యాక్ట్ ఎలాగూ ఉంది, పెట్టీ కేసుల పుస్తకం ఎక్కువగా నిండేది దానితోనే. ఇన్నిటిలో దేనికైనా మీరు ఏదో ఒకటి చేసి ఉండాలి, లేదా చెయ్యబోతూ ఉండాలి. ఉత్త ఉనికి చాలదు.

రిటైర్డ్_హెచ్‌సీ
లాయరు గారు అన్నీ చెప్పి అసలుది వదిలేశారు. 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 172 అని కొత్తది వచ్చింది. పాత సీఆర్పీసీలో దీనికి జోడీ లేదు. పోలీసు తన విధిలో భాగంగా ఇచ్చిన న్యాయబద్ధమైన ఆదేశాన్ని ఎవరైనా పాటించాల్సిందే. మొండికేసినా, లెక్క చెయ్యకపోయినా అక్కడి నుంచి తీసుకుపోవచ్చు. మేజిస్ట్రేట్ ముందు పెట్టొచ్చు, చిన్న విషయమైతే 24 గంటల్లోపు వదిలెయ్యొచ్చు. బీట్ కానిస్టేబుల్ "ఇక్కణ్ణుంచి కదలండి" అన్నాక "ఏ సెక్షన్?" అని వాదన పెట్టుకునేవాళ్లు దీన్ని ఒకసారి చదువుకోవాలి.

నల్లకోటు_నాగోల్
నిజమే, 172 మరిచిపోవడం తప్పే. కానీ అందులో "ఈ అధ్యాయం కింద ఉన్న విధుల కోసం" అనే ముక్క ఉంది. ఆ అధ్యాయం 168 నుంచి 172 దాకా, మొత్తం నేరాల నివారణ గురించి, ప్రజా ఆస్తికి నష్టం ఆపడం గురించి. అంటే ఆదేశం వెనక ఫలానా నేరాన్ని ఆపాలి అనే కారణం ఉండాలి. రెండు గుంపులు కొట్టుకోబోతుంటే "చెదిరిపోండి" అనడం న్యాయబద్ధం. ఒక్కడు బస్సు కోసం నిలబడితే "ఇంటికి పో" అనడం అలాంటిది కాదు.

రిటైర్డ్_హెచ్‌సీ
కోర్టులో మీరు గెలుస్తారు. రాత్రి పన్నెండింటికి రోడ్డు మీద మాత్రం బీట్ వాడే గెలుస్తాడు. ఇక్కడ అడిగింది టీ తాగే పిల్లల గురించి, అందుకే చెబుతున్నా.

పాన్‌డబ్బా_పార్లమెంట్
ఈ ముక్క చాలు, ప్రింటు తీసి డబ్బాకు అంటిస్తా.

శాలిబండ_చౌరస్తా
మా దిక్కు ఇదంతా కొత్త కాదు. పాతబస్తీల ఆపరేషన్ చబుత్రా అని ఎన్ని సార్లు చేసిన్రో. రాత్రి అరుగుల మీద కూసున్న పోరగాండ్లను వ్యాన్ల ఎక్కించి ఫంక్షన్ హాలుకు తోల్కపోవుడు, అమ్మానాయిన్లను పిలిపించుడు, ఒక క్లాసు పీకి ఇడిసిపెట్టుడు. కేసు లేదు, సెక్షన్ లేదు, రాత లేదు. గిప్పుడు చెప్పున్రి లాయర్ సాబ్, కేసే లేనప్పుడు దేని మీద కొట్లాడాలె?

నల్లకోటు_నాగోల్
కేసు పెట్టకపోవడమే దాని బలం. రాతలో ఏమీ లేకపోతే రద్దు చెయ్యమని అడగడానికి ఏమీ ఉండదు. కానీ మనిషి తన ఇష్టం మీద వెళ్లిపోలేని స్థితిలో ఉంటే, పేరు ఏది పెట్టినా అది నిర్బంధమే. నిర్బంధం అన్నాక బీఎన్‌ఎస్‌ఎస్ 47 ప్రకారం కారణం చెప్పాలి, 48 ప్రకారం ఇంట్లోవాళ్లకు కబురు పెట్టాలి. కౌన్సెలింగ్ పేరుతో నిర్బంధించే అధికారం ఏ సెక్షన్‌లోనూ లేదు.

రిటైర్డ్_హెచ్‌సీ
ఆ రాత్రి వచ్చిన తల్లుల్లో సగం మంది ఇన్‌స్పెక్టరుకు దండం పెట్టి పోతారు, అది కూడా రాయండి. బైకు రేసులు, వైట్‌నర్ పీల్చడం, గుంపులో చిన్న మాట మీద కత్తి తియ్యడం, ఇవన్నీ ఆ అరుగుల దగ్గరే మొదలవుతాయి.

శాలిబండ_చౌరస్తా
గవి జూబ్లీహిల్స్ పబ్బుల ముంగట మొదలుకావా? ఆడికి ఏ చబుత్రా ఎందుకు పోదు?

కాలనీ_కబుర్లు
కొట్టుకోకండి. ఒక డౌటు: కర్ఫ్యూ లాంటి ఆర్డరు వేసి "తిరగకూడదు" అనొచ్చా? పోస్టర్ దాని ప్రకారం వేసి ఉంటారేమో.

నల్లకోటు_నాగోల్
బీఎన్‌ఎస్‌ఎస్ 163 (పాత 144) కింద వెయ్యొచ్చు, కమిషనరేట్‌లో ఆ అధికారం కమిషనర్‌కే ఉంటుంది. కానీ అది రాతపూర్వకంగా, కారణాలతో ఉండాలి, రెండు నెలల్లో దానంతటది చచ్చిపోతుంది. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వచ్చే ముందు హైదరాబాద్‌లో భిక్షాటన నిషేధించింది పాత 144 కిందే, నవంబరు 8 నుంచి జనవరి 7 దాకా, సరిగ్గా ఆ రెండు నెలలకే. 2020 అనురాధా భసీన్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ ఆర్డర్లు బయటపెట్టాలి, ఒకదాని వెనక ఒకటి అలవాటుగా వేస్తూ పోకూడదు అంది.

ఇంకో మెలిక. ఆ ఆర్డరు మీరితే బీఎన్‌ఎస్ 223. దాని మీద కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఆర్డరు ఇచ్చిన అధికారో, ఆయన పైవాడో రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చెయ్యాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 215. ఎస్సై చార్జిషీటు ఒక్కటే సరిపోదు. దీనికి ముందున్న ఐపీసీ 188 కేసులు ఎన్నో కోర్టుల్లో కొట్టుడుపోయింది ఈ ఒక్క లోపం వల్లే. మీ పోస్టర్ మీద ఆర్డరు నంబరు, తేదీ ఉన్నాయా?

కాలనీ_కబుర్లు
నంబరూ లేదు, తేదీ లేదు, ముద్ర లేదు. ఇప్పుడే గ్రూపులో అడిగాను. అసోసియేషన్ సెక్రటరీ గారు సొంతంగా కాన్వాలో చేశారట.

పాన్‌డబ్బా_పార్లమెంట్
😂😂 సెక్రటరీ యాక్ట్, సెక్షన్ కాన్వా.

కావలి_కాలవ
నవ్వుకున్నారు సరే. "కారణం చెప్పలేకపోతే నేరం" అనే ఆలోచన మన దగ్గర ఎవరి మీద వాడారో చూడాలి. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ వచ్చింది. 1911లో కొత్త చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. ఎరుకల వాళ్లను స్టువర్టుపురం, కప్పరాళ్లతిప్ప, సీతానగరం, సిద్ధాపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. హాజరు వేయించుకోవాలి, పాసు లేకుండా ఊరు దాటకూడదు. దాటి కనిపిస్తే చాలు, దొంగతనం రుజువు చెయ్యనక్కర్లేదు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది, వాళ్లు విముక్త జాతులయ్యారు.

చట్టం పోయింది కానీ సీఆర్పీసీ 109 ఉంది కదా. 1898 నాటి కోడ్‌లో దానికి రెండు ముక్కలు. ఒకటి ఉనికి దాచుకోవడం. రెండోది, "కనిపించే జీవనాధారం లేనివాడు, తన గురించి తృప్తికరమైన సంజాయిషీ చెప్పలేనివాడు". ఈ రెండో ముక్కే అసలు తిరుగుబోతు చట్టం. 1973 కోడ్‌లో దాన్ని తీసేశారు. అంటే పార్లమెంటే కావాలని తీసేసింది. ఇప్పుడు ఎవరైనా "ఇక్కడేం పని, సరైన జవాబు చెప్పలేదు" అని బైండోవర్ (మంచి నడవడికి బాండు) ఫైలు రాస్తే, యాభై ఏళ్ల క్రితం చచ్చిన ముక్కతో రాసినట్టే.

నల్లకోటు_నాగోల్
మంచి పాయింటు. 2024 అక్టోబరులో సుకన్య శాంత కేసులో, జైళ్లలో కులవివక్ష మీద తీర్పు ఇస్తూ, విముక్త జాతుల వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చెయ్యకుండా పోలీసులు అర్నేష్ కుమార్ మార్గదర్శకాలు (అనవసర అరెస్టులు వద్దన్న పాత తీర్పులోవి) పాటించాలని కూడా సుప్రీంకోర్టు చెప్పింది.

మీనా_మలక్‌పేట
హిజ్రాల చట్టాన్ని కూడా చేర్చండి. నిజాం కాలపు 1329 ఫస్లీ చట్టం. ఆడబట్టల్లో, నగలతో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో. అప్పటిదాకా పుస్తకాల్లో బతికే ఉంది.

దాదర్_తెలుగోడు
మహారాష్ట్ర పోలీస్ చట్టం 122లో మాత్రం ఇలాంటి మాట నేరుగా ఉంది. పొద్దు గుంకిన దగ్గర్నుంచి పొద్దు పొడిచేదాకా. అక్కడ కూడా వీధిలో తచ్చాడటం ఒక్కటే చాలదు, మనిషి పేరుపడ్డ దొంగ అయ్యుండాలి, సంతృప్తికర సమాధానం చెప్పలేకపోవాలి. లేదా నేరం చేసే ఉద్దేశంతో ప్రమాదకరమైన ఆయుధమో, సరైన కారణం లేకుండా ఇళ్లు పగలగొట్టే సరంజామానో చేతిలో ఉండాలి. కామాఠీపురా వైపు పని కోసం వచ్చిన మనవాళ్లకు తగిలేది ఎక్కువగా ఈ సెక్షనే.

ఆర్కే_బీచ్
ఆంధ్రాలో పోలీస్ యాక్ట్ 34 పెడతారు కదా? 50 రూపాయల ఫైను.

కావలి_కాలవ
అది 1861 యాక్టు. మద్రాసు ప్రెసిడెన్సీకి అది కాదు, మనకు 1859 నాటి డిస్ట్రిక్ట్ పోలీస్ యాక్టు. ఆంధ్రా ప్రాంతంలో చిల్లర కేసులకు 1889 టౌన్ న్యూసెన్సెస్ యాక్టు ఉంది. పోనీ 34నే తీసుకున్నా, అందులో ఎనిమిది క్లాజులుంటాయి. దారికి అడ్డంగా పశువులు, బండ్లు పెట్టడం, చెత్త వెయ్యడం, తాగి గొడవ చెయ్యడం, అసభ్యంగా ప్రవర్తించడం, ఇలాంటివి. ఊరికే నిలబడటం ఎనిమిదింటిలో ఎక్కడా లేదు.

నైట్‌షిఫ్ట్_నాని
ఆపి ఫోన్ అన్‌లాక్ చెయ్యమంటే? 2021లో హైదరాబాద్‌లో వాట్సాప్‌లో "గంజా" అని వెతుకుతున్న వీడియోలు వచ్చాయి గుర్తుందా.

నల్లకోటు_నాగోల్
రోడ్డు మీద ఆపిన ప్రతివాడి ఫోను చూసే అధికారం ఏ సెక్షన్‌లోనూ లేదు. దర్యాప్తులో ఉన్న కేసు ఉండాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద నోటీసు ఇచ్చి అడగాలి, లేదా 185 కింద కారణాలు రాసి సోదా చెయ్యాలి. సోదా అంటే ఇప్పుడు 105 ప్రకారం ఆడియో వీడియో రికార్డింగు తప్పనిసరి. గంజాయి అనుమానం అయితే మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్ 43 కింద బహిరంగ స్థలంలో సోదా చెయ్యొచ్చు, కానీ ఒంటి మీద వెతికే ముందు "గెజిటెడ్ ఆఫీసరు ముందో, మేజిస్ట్రేటు ముందో వెతకాలా?" అని అడగాలి, అది 50. చాట్ హిస్టరీలో గంజాయి దొరకదు.

నైట్‌షిఫ్ట్_నాని
మరి వేలిముద్ర మిషను? ఫోటో తీసి యాప్‌లో పెట్టడం?

రిటైర్డ్_హెచ్‌సీ
చేతి మిషను పాత నేరస్తుల రికార్డుతో పోలుస్తుంది, నిమిషం పట్టదు. పాత దొంగలు దొరికేది చాలాసార్లు అలాగే.

నల్లకోటు_నాగోల్
దొరుకుతారు, కాదనను. కానీ 2022 క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం సెక్షన్ 3లో ఎవరి కొలతలు తీసుకోవచ్చో రాసుంది: శిక్ష పడ్డవాళ్లు, అరెస్టయినవాళ్లు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు, బైండోవర్ ఆర్డరు పడ్డవాళ్లు. రోడ్డు మీద ఆపినవాడు ఆ జాబితాలో లేడు. మాస్కు తీయించి ముఖం ఫోటో తియ్యడం మీద తెలంగాణ హైకోర్టులో పిటిషన్ కూడా పడింది.

ఆ జాబితాలో చివరిది, బైండోవర్, గమనించండి. "బైండోవరే కదా, సంతకం పెట్టేస్తే పోలా" అంటారు. సంతకంతో వేలిముద్రలు కూడా వెళ్లొచ్చు, ఆ రికార్డు 75 ఏళ్లు ఉంటుంది.

కాలనీ_కబుర్లు
బైండోవర్ ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెప్పండి. పేరు వింటాం గానీ ఎవరికీ తెలీదు.

నల్లకోటు_నాగోల్
ఎస్సై రిపోర్టు పంపుతాడు. జిల్లాల్లో అయితే తహసీల్దారుకో ఆర్డీవోకో, కమిషనరేట్‌లో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అధికారం ఉన్న పోలీసు అధికారికే. పట్టుకున్నదీ తీర్పు చెప్పేదీ ఒకే శాఖ అన్నమాట, నాకు ఇందులో నచ్చనిది అదే.

ఆ అధికారి బీఎన్‌ఎస్‌ఎస్ 130 కింద రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. అందిన సమాచారం సారాంశం, ఎంత బాండు, ఎంత కాలం, ఎందరు జామీనుదారులు, అన్నీ ఉండాలి. అచ్చు ఫారంలో పేరు మాత్రం నింపి ఇస్తే, "సారాంశం లేదు" అనే ఒక్క కారణం మీద హైకోర్టులో పడిపోతుంది. తర్వాత 135 కింద విచారణ. సాక్షులను అడిగే హక్కు మీకుంది, ఆరు నెలల్లో తేలకపోతే ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప విచారణ ముగిసిపోయినట్టే. చివరికి 136 కింద ఆర్డరు. ఎక్కువ మంది మొదటిరోజే "ఒప్పుకుంటున్నా" అని బాండు రాసిస్తారు, అక్కడే చిక్కుకుంటారు. బాండు కాలంలో ఏ చిన్న గొడవ జరిగినా మొత్తం డబ్బు జప్తు చెయ్యమంటారు. ఆర్డరు పడ్డాక బాండు ఇవ్వకపోతే 141 కింద జైలు.

పెట్టీ కేసు దగ్గరా ఇదే జబ్బు. "రెండు వందలు కట్టి పో తమ్ముడూ" అంటారు. నేరం ఒప్పుకుని ఫైను కట్టడం అంటే శిక్ష పడినట్టే. రేపు సర్కారు ఉద్యోగం అటెస్టేషన్‌లో "ఎప్పుడైనా శిక్ష పడిందా" అన్న గడి దగ్గర పెన్ను ఆగుతుంది. ఒప్పుకునే ముందు ఏ సెక్షనో చార్జిషీటు చూసి, నకలు తీసుకోండి.

సుజాత_సికింద్రాబాద్
అన్నీ మగపిల్లల వైపు నుంచే వింటున్నాను. ఉమెన్స్ కాలేజీ బస్టాపులో బస్సెక్కే పనిలేకుండా రోజూ రెండు గంటలు నిలబడేవాళ్ల సంగతేంటి? వాళ్లు కూడా 19(1)(డి)నా? అక్కణ్ణుంచి లేపేసే చట్టం ఉండాల్సిందే అంటాను నేను.

శాలిబండ_చౌరస్తా
అక్కా గట్లాంటి చట్టం వస్తే ముందుగాల లేపేది మమ్ముల్నే, బస్టాప్‌ల బస్సు కోసం నిలబడ్డా సరే.

నల్లకోటు_నాగోల్
సుజాత గారూ, వాళ్లకు పేరున్న సెక్షన్లే ఉన్నాయి. వద్దన్నా మళ్లీ మళ్లీ వెంటపడితే బీఎన్‌ఎస్ 78, మాటతో, సైగతో అవమానిస్తే 79. ఎవరు, ఏ టైముకి, ఏం చేశారో రెండు మూడు రోజులు తేదీలతో రాసి షీ టీమ్‌కి ఇవ్వండి. 2014 నుంచి వాళ్లు మఫ్టీలో వచ్చి ముందు వీడియో తీసేది ఇందుకే, కోర్టులో నిలబడేది చేసిన పని. నిలబడటం ఒక్కటీ రాస్తే కేసు నీరుగారిపోతుంది.

ఆడవాళ్ల విషయంలో ఇంకోటి. పొద్దు గుంకాక, పొద్దు పొడవక ముందు ఆడమనిషిని అరెస్టు చెయ్యకూడదు, బీఎన్‌ఎస్‌ఎస్ 43(5). తప్పని పరిస్థితి అయితే మహిళా అధికారి రాతపూర్వక రిపోర్టుతో మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని ఉండాలి. సాక్షిగా విచారించాలన్నా స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటికే రావాలి, 179.

సుజాత_సికింద్రాబాద్
తేదీలతో రాయడం బాగుంది. అయినా లేపేసే అధికారం ఉండాలనే నా మాట, మీరు ఎన్ని నంబర్లు చెప్పినా.

డాలస్_బాబాయ్
అమెరికా వచ్చే పిల్లలకు రెండు ముక్కలు. "నో లాయిటరింగ్" బోర్డు మన ఇండియన్ స్టోర్ల ముందు ఎక్కువ. అది ప్రైవేటు స్థలం, పొమ్మన్నాక పోకపోతే ట్రెస్‌పాస్. పబ్లిక్ ఫుట్‌పాత్ సంగతి వేరు. 1972లో జాక్సన్‌విల్ తిరుగుబోతు చట్టాన్ని, 1999లో షికాగో గ్యాంగుల చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. రెండింటికీ కారణం ఒకటే, ఏది నేరమో మామూలు మనిషికి అర్థం కాకుండా రాశారు. కానీ 2024 గ్రాంట్స్ పాస్ తీర్పు తర్వాత బయట పడుకోవడం మీద ఊళ్లు ఫైను వెయ్యొచ్చు.

టెక్సస్‌లో నడిచి పోయేవాడు అరెస్టు కాకపోతే పేరు చెప్పకపోవడం నేరం కాదు, ఆపినప్పుడు తప్పు పేరు చెప్పడం నేరం. మిగతా రాష్ట్రాల్లో వేరే రూళ్లు. ఇంకోటి, పౌరులు కాని 18 దాటినవాళ్లు ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) లాంటి కాగితం దగ్గర ఉంచుకోవాలని ఫెడరల్ చట్టం. రూములో పెట్టి రావొద్దు.

నైట్‌షిఫ్ట్_నాని
ఇక్కడ ఆధార్ లేకపోతే?

నల్లకోటు_నాగోల్
నడిచి పోయేవాడు గుర్తింపు కార్డు పెట్టుకోవాలని ఇక్కడ చట్టం లేదు. కానీ మీరు చిన్న నేరం ఏదైనా పోలీసు కళ్లముందు చేసి పేరూ ఊరూ చెప్పనంటే బీఎన్‌ఎస్‌ఎస్ 39 కింద పట్టుకుని, నిజం తేలాక వదలొచ్చు. నేరం చెయ్యకపోయినా పేరు చెప్పెయ్యండి, అందులో పోయేదేం లేదు.

రిటైర్డ్_హెచ్‌సీ
ఆపినప్పుడు ఏం చెయ్యాలో నేను చెబుతా, లాయరు గారు తర్వాత దిద్దండి. బండి మీదుంటే ఇంజను ఆపి దిగండి, చేతులు జేబులోంచి తియ్యండి. పేరు, ఎక్కడుంటారు, ఎక్కణ్ణుంచి వస్తున్నారు, మూడే ముక్కలు. కంపెనీ ఐడీ, క్యాబ్ ట్రిప్ మెసేజ్ చూపిస్తే తొంభై శాతం అక్కడే అయిపోతుంది. ఛాతీ మీద నేమ్ ప్లేటు చదివి గుర్తుంచుకోండి, గట్టిగా చదవొద్దు. గుంపులో ఒక్కడే మాట్లాడాలి. నలుగురూ ఒకేసారి అరిస్తే 172 మీరే చేతికిచ్చినట్టు. బండి ఎక్కమంటే "అరెస్టా, సర్?" అని ఒక్కసారి మర్యాదగా అడిగి, ఇంటికి ఫోను చేసి, ఎక్కండి. పరిగెత్తొద్దు.

నల్లకోటు_నాగోల్
దిద్దడానికేం లేదు. ఒకటి కలుపుతా: స్టేషన్‌లోకి వెళ్లిన టైము, బయటికొచ్చిన టైము రాసుకోండి. 2020 పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు ప్రకారం ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలుండాలి, రికార్డింగు 18 నెలలు దాచాలి. కొట్టినా, 24 గంటలు దాటించినా ఆ ఫుటేజీ భద్రపరచమని డీసీపీకి, స్టేషన్‌కి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి, ఆలస్యం చెయ్యకుండా. స్టేషన్ పేరు, తేదీ, ఏ టైము నుంచి ఏ టైము దాకా, ఏ గది, ఇవి లేకపోతే "కెమెరా పనిచెయ్యలేదు" అనే జవాబొస్తుంది. ఆ జవాబు కూడా కాగితం మీదే అడగండి, రిట్ వేసేటప్పుడు పనికొస్తుంది.

పాన్‌డబ్బా_పార్లమెంట్
డబ్బా మూసే టైము ఎంతో కూడా ఎవరైనా చెబితే నా పని అయిపోతుంది.

రిటైర్డ్_హెచ్‌సీ
అది షాపుల చట్టం, దీనికి సంబంధం లేదు. 2023 ఏప్రిల్ జీవో ప్రకారం ఏడాదికి పదివేలు కట్టి అనుమతి తెచ్చుకుంటే 24 గంటలూ తెరవొచ్చు. అనుమతి లేకుండా తెరిస్తే కేసు నీ మీద, టీ తాగేవాడి మీద కాదు.